ఎడమ కాలికి పాఠం చెప్పిన గురువు: సయ్యద్ అబ్దుల్ రహీం

సాయంత్రం ఐదు దాటితే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ ఖాళీ స్థలం చూసినా ఏదో ఒక ఆట నడుస్తూనే ఉంటుంది. ఎక్కువగా క్రికెట్, ఒక మూల ఫుట్‌బాల్. గోల్ పడితే కొట్టినవాడి చుట్టూ అందరూ మూగుతారు. గీత బయట ఈల పట్టుకుని నిలబడ్డ ఆటల సార్ వైపు ఎవరూ చూడరు. మేమూ చూసేవాళ్లం కాదు.

ఈ ఏడాది విద్యాలయ పత్రిక ప్రాంతీయ భాషల విభాగానికి తెలుగులో ఒక వ్యాసం రాయమన్నప్పుడు మేం ఐదుగురం కలిసి కూర్చున్నాం. మా ఐదుగురి ఇళ్లలోనూ తెలుగే మాట్లాడతారు. మా తాతలో ముత్తాతలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి రైల్వే పని కోసం ఈ ఊరు వచ్చినవాళ్లే. ఆటల మీద రాద్దామని అందరం ఒప్పుకున్నాం. ఎవరి మీద రాయాలన్న దగ్గర మాత్రం తెగలేదు. ఒకరు సచిన్ అన్నారు, ఒకరు సింధు అన్నారు.

అప్పుడు మాలో ఒకరి తాతగారు, లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన ఆయన, అరుగు మీద కూర్చుని మా గొడవంతా విని ఇలా అన్నారు: "ఒరే పిల్లలూ, గోలు కొట్టినోడి పేరు ఊరందరికీ తెలుస్తాది. బంతి అందించినోడి పేరు పక్కనున్నోడికి తెలుస్తాది. అందించడం నేర్పినోడి పేరు ఎవడికి తెలుస్తాదిరా?"

ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ పాఠం రాశాం. భారత ఫుట్‌బాల్ జట్టుకు దాదాపు 13 ఏళ్లు ఆట నేర్పిన హైదరాబాద్ బడి పంతులు సయ్యద్ అబ్దుల్ రహీం గురించి మేం తెలుసుకున్నది మీకూ చెబుతాం. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా ఆయన కథే. మనలో చాలామంది చూసే ఉంటారు. సినిమా కథ సినిమాదే. ఇక్కడ మాత్రం ఆయన ఏం నేర్పారు, ఎలా నేర్పారు అన్నదే చూద్దాం.

బడి పంతులు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు ఆ ఊరు నిజాం రాజ్యానికి రాజధాని. ఆయన మాతృభాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ కాలేజీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. చదువయ్యాక ఉపాధ్యాయుడిగా చేరారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు.

ఈ సంగతి మనం జాగ్రత్తగా గమనించాలి. చాలామంది కోచ్‌లు ముందు పెద్ద ఆటగాళ్లుగా పేరు తెచ్చుకుని, ఆట మానేశాక నేర్పడం మొదలుపెడతారు. రహీం దారి వేరు. ఆయన భారత జట్టుకు ఆడి పేరు తెచ్చుకున్న ఆటగాడు కాదు. ముందు ఉపాధ్యాయుడు, ఆ తర్వాతే కోచ్. తరగతిలో నలభై మంది పిల్లలుంటే వాళ్లలో ఎవరికి లెక్కలు రావు, ఎవరికి రాత కుదరదు, ఎవరు తెలిసినా నోరు విప్పరు అని టీచర్‌కు తెలుస్తుంది. అదే చూపుతో ఆయన మైదానాన్ని చూశారు. అందుకేనేమో ఆయన్ను ఆటగాళ్లు 'రహీం సాబ్' అని పిలిచేవారు. మనం 'సార్' అన్నట్టే.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. అదే కాలంలో భారత జట్టు బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది. మధ్యలో కొద్దిపాటి విరామాలున్నా, చనిపోయేదాకా ఈ పనిలోనే ఉన్నారు.

మైదానమే తరగతి

రహీం సాబ్ పద్ధతుల్లో మాకు అన్నిటికంటే నచ్చినవి ఆయన హైదరాబాద్‌లో పిల్లలకు పెట్టించిన పోటీలు. అవి మామూలు పోటీలు కావు. ఒక్కో పోటీకి ఒక్కో వింత నియమం ఉండేది.

ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. అంటే బంతిని ఎవరికీ ఇవ్వకుండా కాళ్ల మధ్యే తిప్పుకుంటూ పోవడం కుదరదు. వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. సొంత గొప్ప చూపించుకునే అలవాటు అక్కడ చెల్లదు. బంతి రాకముందే తల ఎత్తి, మనవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవడం అలవాటవుతుంది.

ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. కుడి కాలు వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలి, ఎడమ వాటం వాడు కుడి కాలితో. ఒకే కాలితో ఆడేవాడిని ఆపడం ఎదుటివాడికి తేలిక. ఆ కాలి వైపు అడ్డం నిలబడితే చాలు. రెండు కాళ్లూ ఆడేవాడు ఏ వైపు తిరుగుతాడో ముందుగా తెలియదు.

ఇది చదివాక మాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. ఆటల సార్‌ని అడిగి ఒక శనివారం గేమ్స్ పీరియడ్‌లో మేమూ అలాంటి మ్యాచ్ పెట్టుకున్నాం. ఇరవై నిమిషాలు ఆడితే ఒక్క గోల్ కూడా పడలేదు. మా తరగతిలో అందరికంటే బాగా ఆడేవాడు మొదటి ఐదు నిమిషాల్లోనే రెండుసార్లు కింద పడ్డాడు. అందరం నవ్వాం, తర్వాత మేమూ పడ్డాం. మామూలు రోజుల్లో ఎవరూ పాస్ ఇవ్వని ఒక అమ్మాయి ఆ రోజు అందరికంటే మేలుగా ఆడింది. ఎందుకని అడిగితే, "నాకు రెండు కాళ్లూ ఒకేలా రావు కదా, అందుకని రెండింటితోనూ నేర్చుకుంటూ ఉన్నాను" అంది. ఆమె ఆడటం ఎప్పటి నుంచో చూస్తున్నా, మేం గమనించలేదన్నమాట. నియమం మారితేగానీ ఎవరికేం వచ్చో బయటపడదని మాకు ఆ రోజు తెలిసింది.

పోలీసు జట్టు

ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల పేర్లే అందరి నోటా ఉండేవి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆడేవాళ్లు పేరుకు తగ్గట్టు పోలీసు ఉద్యోగులు. ఈ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. 1888లో మొదలై, మన దేశంలో అన్నిటికంటే పాతదైన డ్యూరాండ్ కప్‌ను 1950లో, 1954లో, మళ్లీ 1957లో గెలిచింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57, 1957–58 సీజన్లలో వరుసగా రెండుసార్లు తెచ్చుకుంది.

ఈ విజయాల ఫలితం భారత జట్టులో కనిపించింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు ఒలింపిక్స్ దాకా వెళ్లారు. వీళ్లంతా పెద్ద ఇళ్ల పిల్లలు కారు. ఆట వల్ల ఉద్యోగం, ఉద్యోగం వల్ల కుటుంబానికి తిండి. అలాంటివాళ్లకు కోచ్ చెప్పే మాట ఆటకే కాదు, బతుకుకూ సంబంధించినది.

పది గోల్స్ నేర్పిన పాఠం

1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. ఫుట్‌బాల్ ఫైనల్లో మన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. గోల్ కొట్టింది మేవాలాల్, కెప్టెన్ శైలేన్ మన్నా, కోచ్ రహీం.

ఇక్కడితో కథ ఆగిపోతే చెప్పుకోవడానికి బాగానే ఉండేది. కానీ మరుసటి ఏడాది, 1952లో, హెల్సింకి ఒలింపిక్స్ వచ్చాయి. అక్కడ యుగోస్లావియా చేతిలో మనం 10–1 తేడాతో ఓడిపోయాం. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. మన దేశంలో అప్పటికి అదే అలవాటు. ఎండి గట్టిపడిన మన నేల మీద వట్టి కాళ్లతో బంతి చెప్పినట్టు వింటుంది. చలి దేశంలో తడి గడ్డి మీద, బూట్లు వేసుకున్న బలమైన ఆటగాళ్ల ఎదుట అది పనికిరాలేదు.

పరీక్షలో వందకు పది మార్కులు వస్తే మనం ఏం చేస్తాం? ప్రశ్నపత్రం కష్టంగా ఉందంటాం. లేదా జవాబుపత్రాన్ని పరుపు కింద దాచేస్తాం. అక్కడ అలా జరగలేదు. ఆ ఓటమి తర్వాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం ఆ ఒలింపిక్స్‌లో మిగతా దేశాల ఆటను, ముఖ్యంగా బంగారు పతకం గెలిచిన హంగేరీ జట్టు ఆటను శ్రద్ధగా చూశారు. అక్కడ చూసినదాన్ని తిరిగొచ్చి మన ఆటగాళ్లకు సరిపోయేలా మలచడం మొదలుపెట్టారు.

అప్పటిదాకా మన దగ్గర చాలా జట్లు ఇద్దరు వెనక, ముగ్గురు మధ్యలో, ఐదుగురు ముందు నిలబడే పాత పద్ధతిలో ఆడేవి. అందరికీ గోల్ కొట్టాలనే ఆశ, వెనక కాపలా కాసేవాళ్లు తక్కువ. రహీం రక్షణ బలం పెంచారు. తర్వాతి కాలంలో నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే 4-2-4 పద్ధతినీ మనవాళ్లకు నేర్పారు. 1958 ప్రపంచ కప్‌ను బ్రెజిల్ గెలిచింది ఈ పద్ధతితోనే. ఇందులో మధ్యలో ఉన్న ఇద్దరి మీద చాలా భారం పడుతుంది. వాళ్లే వెనక్కి వచ్చి అడ్డుకోవాలి, వాళ్లే ముందుకు వెళ్లి బంతి అందించాలి. గోల్ కొట్టినవాళ్ల పట్టికలో వాళ్ల పేర్లు అరుదుగా ఉంటాయి. తాతగారు చెప్పిన 'బంతి అందించినోడు' వీళ్లే.

నాలుగేళ్లలో వచ్చిన తేడా

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మొదటి రౌండ్‌లో మనతో ఆడవలసిన హంగేరీ పోటీల నుంచి తప్పుకుంది. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను వాళ్ల సొంత గడ్డ మీదే 4–2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీఫైనల్లో మళ్లీ ఆ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. రెండో సగం మొదట్లో డిసౌజా కొట్టాడు. చివరికి 4–1తో ఓడిపోయాం. కాంస్య పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలోనూ ఓడి, నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇప్పటికీ అదే అత్యుత్తమ ఫలితం.

పత్రికల్లో 'ఓటమి' అనే మాట రెండుసార్లూ ఒకటే. కానీ లెక్క వేసి చూడండి. 1952లో 10–1, 1956లో 4–1. అదే ప్రత్యర్థి, నాలుగేళ్ల చదువు. ఇక 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన హంగేరీతో 2–1 దాకా పోరాడి ఓడాం. ఫ్రాన్స్‌తో 1–1 సమంగా ముగించాం. పెరూ చేతిలో 3–1తో ఓడాం. ఆ జట్టుకు కెప్టెన్ పి.కె. బెనర్జీ. ఆయన ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి. రైల్వే కాలనీ పిల్లలం కాబట్టి ఈ సంగతి రాయకుండా ఉండలేకపోయాం!

జకార్తా: చివరి పరీక్ష

1962లో ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం ఆరోగ్యం దెబ్బతింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ను లోపలి నుంచి తినేస్తోంది. అయినా జట్టుతో వెళ్లారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4–1తో ఓడించాం, కానీ రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. కుట్లు పడ్డాయి. ఆయన లేకుండానే జపాన్‌ను 2–0తో గెలిచాం. ఆ రోజుల్లో మ్యాచ్ మధ్యలో ఆటగాడిని మార్చే వీలు లేదు. దిగిన పదకొండు మందే చివరిదాకా ఆడాలి. సెమీఫైనల్‌కు జర్నైల్‌ను ఆడించాలా వద్దా?

ఇక్కడే గురువు బుర్ర కనిపిస్తుంది. తలకు కట్టు ఉన్న మనిషి వెనక నిలబడి మాటిమాటికీ తలతో బంతిని అడ్డుకోలేడు. కానీ పొడుగ్గా, బలంగా ఉన్న ఆ మనిషి ఎదుటివాళ్ల గోల్ ముందు తిరుగుతుంటే వాళ్ల రక్షకులకు గుండె దడ పుడుతుంది. రహీం జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందుకు, సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి పంపారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్ 3–2తో గెలిచాం.

ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్లీ దక్షిణ కొరియాతోనే. స్టేడియంలో సుమారు లక్షమంది. వాళ్లలో ఎక్కువమంది మనకు వ్యతిరేకం. దానికి కారణం ఆట కాదు. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని భారత క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి భారతీయుల మీద కోపం వచ్చింది. మన జట్టు బంతి తాకినప్పుడల్లా గోల చేశారు. ఆ జనంలో మన జట్టును ఉత్సాహపరిచినవాళ్లు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మన ఆటగాళ్లు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు.

ఫైనల్‌కు ముందు రహీం పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదట. తనకు ఒక కానుక కావాలని, అది బంగారు పతకమని అడిగారని పి.కె. బెనర్జీ చెప్పేవారు. 17వ నిమిషంలో పి.కె. గోల్ కొట్టారు. కొద్ది నిమిషాలకే తలకట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ రెండోది కొట్టారు. జబ్బు నుంచి కోలుకుని ఫైనల్‌కు దిగిన పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ గోల్‌ను కాచారు. చివర్లో కొరియా ఒక గోల్ కొట్టినా, 2–1తో బంగారం మనకే దక్కింది. మొదటి మ్యాచ్‌లో 2–0తో ఓడించిన జట్టునే చివరి మ్యాచ్‌లో ఓడించాం. పది గోల్స్ నాటి పాఠాన్ని మన జట్టు ఇక్కడ పది రోజుల్లోనే మళ్లీ చేసి చూపించింది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. ఆయన వయసు 53 ఏళ్లు.

మన లైను మీది బలరాం

ఆ ఫైనల్లో ఆడిన తులసీదాస్ బలరాం గురించి ఒక మాట చెప్పాలి. ఆయన సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టారు. రహీం కంటపడి హైదరాబాద్ జట్టులోకి, అక్కడి నుంచి 1956 ఒలింపిక్స్‌కు వెళ్లారు. రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది ఆయనే. 1962లో అర్జున అవార్డు వచ్చింది. చాలాకాలం కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1963లో బి.ఎన్.ఆర్. జట్టుకు మారారు.

బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. మా ముత్తాతలను బిలాస్‌పూర్‌కు తెచ్చిన రైల్వే అదే. 1955లో ఆ మార్గాలు సౌత్ ఈస్టర్న్ రైల్వే కిందికి వచ్చాయి. 2003లో అందులోంచి విడిపోయి బిలాస్‌పూర్ కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ఏర్పడింది. రైల్వే పేరు మారినా కలకత్తాలో ఫుట్‌బాల్ జట్టుకు మాత్రం ఆ పాత పేరే ఉండిపోయింది. ఈ సంగతి చదివి వినిపిస్తే మా తాతగారు నవ్వి, "బి.ఎన్.ఆర్. బలరామా? మాకు తెలీకపోవడమేటిరా! షెడ్డులో రేడియో చుట్టూ చేరి వినేవోళ్లం" అన్నారు. కానీ అనారోగ్యం వల్ల బలరాం ముప్పై ఏళ్లు నిండకముందే ఆట మానుకోవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆయన మరణించారు.

తర్వాత ఏమైంది?

ఇది చెప్పకపోతే పాఠం పూర్తికాదు. 1962 తర్వాత ఆసియా క్రీడల్లో పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు బంగారు పతకం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. 1960 తర్వాత ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు ఆడనే లేదు.

రహీం శిష్యులు కొందరు తామూ గురువులయ్యారు. పి.కె. బెనర్జీ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లకు పేరున్న కోచ్ అయ్యారు. రహీం కొడుకు ఎస్.ఎస్. హకీం 1960 ఒలింపిక్స్ జట్టులో ఉండి, తర్వాత అంతర్జాతీయ రిఫరీగా, కోచ్‌గా పనిచేశారు. కానీ ఒక మనిషి నేర్పిన విద్య నలుగురైదుగురు శిష్యుల జ్ఞాపకంలో మిగిలితే సరిపోదు. అది ఊరూరా బడుల్లోకి, పుస్తకాల్లోకి, కోచ్‌ల శిక్షణలోకి వెళ్లాలి. బలహీనమైన కాలితో ఆడే పోటీలు మన జిల్లాలో ఎవరైనా పెట్టారా అని మేం ఇద్దరు ముగ్గురు పాత ఆటగాళ్లను అడిగాం. అలాంటివి వినలేదన్నారు. గొప్ప శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం పోయి 22 ఏళ్లు.

తాతగారి ప్రశ్నకు జవాబు ఇదే అనుకుంటాం. నేర్పినవాడి పేరు నేర్చుకున్నవాడు చెబితేనే తెలుస్తుంది. నేర్చుకున్నవాడు మళ్లీ ఇంకొకరికి నేర్పితేనే ఆ పేరు నిలుస్తుంది.

మనకు ఏమిటి?

ఆ శనివారం మ్యాచ్ అయ్యాక, చెమటలు తుడుచుకుంటూ మాలో ఒకరు అన్న మాటతో ముగిస్తాం. "మనకి తెలుగు రాయడం కూడా ఎడమ కాలే కదా!"

నిజమే. మేం హిందీలో మాట్లాడతాం, ఇంగ్లీషులో పరీక్షలు రాస్తాం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ రాయడం మాకు అంతంతమాత్రం. ఐదుగురిలో ఇద్దరికి ఒత్తులు సరిగ్గా రావు. ఈ వ్యాసాన్ని నాలుగుసార్లు తిరగరాశాం. మొదటిసారి రాసింది చూసి మా అమ్మలు నవ్వారు, రెండోసారి దిద్దారు. 'అభ్యంతరం' అనే మాటను ఒక నాయనమ్మ అక్షరం అక్షరం చెప్పి రాయించారు. వాడకపోతే కాలు బలహీనపడుతుంది. కిందపడ్డా సరే, వాడుతూ ఉంటే బలపడుతుంది. సెలవులకు కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరెళ్లినప్పుడు ఈ పత్రికను అక్కడి వాళ్లకు చూపించాలని అనుకుంటున్నాం. తప్పులుంటే వాళ్లూ దిద్దుతారు.

ఇంకో మాట. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక, గోల్ పడినప్పుడు గీత బయటికి కూడా చూడటం నేర్చుకున్నాం. మా ఆటల సార్ అప్పుడు చప్పట్లు కొట్టరు. గోల్ కొట్టినవాడిని కాక, పాస్ ఇచ్చినవాడిని చూసి తల ఊపుతారు. ఇన్నేళ్లూ ఊపుతూనే ఉన్నారట. మేం ఇప్పుడే చూశాం.

ముఖ్యమైన తేదీలు

1909 – హైదరాబాద్‌లో రహీం జననం
1943 – హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి
1950 – హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్
1951 – ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం
1952 – హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10–1 ఓటమి
1956 – మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం
1960 – రోమ్ ఒలింపిక్స్, ఫ్రాన్స్‌తో 1–1
1962 – జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం
1963 – రహీం మరణం

పదాలు – అర్థాలు

వాటం = అలవాటైన చేయి లేదా కాలు వైపు
మూలస్తంభం = ముఖ్యమైన ఆధారం
ప్రత్యర్థి = పోటీలో ఎదుటివాడు
అభ్యంతరం = ఒప్పుకోకపోవడానికి చెప్పే కారణం
పొడగరి = పొడవైన మనిషి

ఆలోచించి రాయండి

1. 1952, 1956 ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలోనే ఓడింది. అయినా ఆ రెండు ఓటములూ ఒకటి కావని మేం ఎందుకన్నాం?
2. గాయపడిన జర్నైల్ సింగ్‌ను రహీం వెనక కాకుండా ముందు ఎందుకు ఆడించారు? మీరే కోచ్ అయితే ఏం చేసేవారు?
3. రహీం ముందు బడి పంతులు కావడం ఆయన శిక్షణలో ఎలా కనిపించింది? రెండు ఉదాహరణలు ఇవ్వండి.
4. మీకు ఏదైనా నేర్పిన ఒక మనిషి పేరు చెప్పి, ఏం నేర్పారో పది వాక్యాల్లో రాయండి. టీచరే కానక్కర్లేదు. నాయనమ్మ కావచ్చు, సైకిల్ నేర్పిన అన్న కావచ్చు.

చేసి చూడండి

మీ స్నేహితులతో ఇరవై నిమిషాలు బలహీనమైన కాలితో మాత్రమే ఫుట్‌బాల్ ఆడండి. ఎవరు బాగా ఆడారో, ఎందుకు ఆడగలిగారో రాసి పెట్టుకోండి. నెల తర్వాత మళ్లీ ఆడి, తేడా చూడండి.